డిస్పోజల్ లారీ నేర్పే పాఠం

(తృతీయ సంవత్సరం బి.ఎస్‌సి. విద్యార్థి)

మన సావనీరులో ఏటా రాకెట్ల మీదా, అణుశక్తి మీదా, ఈ మధ్య కృత్రిమ మేధ మీదా వ్యాసాలు వస్తూనే వున్నాయి. రావలసిందే. కాని కొత్త యంత్రం కనిపెట్టినవాడికి మనం ఇచ్చే గౌరవంలో పదో వంతు కూడా, పాత యంత్రాన్ని చావనివ్వకుండా నిలబెట్టినవాడికి ఇవ్వం. ఆ రెండోవాడి తరఫున నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను తెచ్చుకున్న సాక్ష్యం మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన లారీ. సైన్సు చదివేవాడికి లారీ రిపేరుతో ఏం పని అనుకోకుండా చివరిదాకా చదవమని లెక్చరరుగార్లకు మనవి.

"డిస్పోజల్" అన్న ఇంగ్లీషు మాట మన పల్లెల్లో ఎప్పుడో తెలుగైపోయింది. డిస్పోజల్ బూట్లు, డిస్పోజల్ రగ్గు, డిస్పోజల్ టార్పాలిను, డిస్పోజల్ జీపు. మిలిటరీ సరుకంటే గట్టి సరుకని పెద్దవాళ్ళకి ఒక నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసేసరికి ఈ దేశంలో గుట్టలుగా మిగిలిపోయిన సామానును అమ్మెయ్యటానికి ప్రభుత్వం డిస్పోజల్స్ శాఖ అనే పెట్టవలసి వచ్చింది. తరవాత అది సప్లైస్ అండ్ డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్‌గా మారి, 2017లో మూతపడింది. ఇప్పుడు మిలిటరీ బళ్ళ వేలం చాలావరకు ఎం.ఎస్.టి.సి. అనే ప్రభుత్వ సంస్థ ద్వారా కంప్యూటరు మీద జరుగుతోంది. వేలంపాట పాడేవాడి గొంతు పోయింది గాని, బేరం అదే.

ఆ యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. ఒక కంపెనీ జీపు సామాను రెండో కంపెనీ జీపుకు సరిపోయేట్టుగా ఒకే కొలతలతో చేశారు. యుద్ధం అయిపోయాక ఈ బళ్ళు ఎక్కడివక్కడ జనంలో కలిసిపోయాయి. మనీలాలో అమెరికా సైన్యం వదిలిన జీపుల వెనక భాగాన్ని సాగదీసి, ఇటూ అటూ బెంచీలు వేసి, పైకప్పు కట్టి, రంగులు పూసి "జీప్నీ" అనే కొత్త వాహనాన్నే పుట్టించారు. ఒక మహానగరం దశాబ్దాలపాటు దాంట్లోనే ఆఫీసుకు వెళ్ళింది. మన తాతముత్తాతలు కూలికి, వ్యాపారానికి వెళ్ళి "రంగం" అని పిలుచుకున్న రంగూన్‌లో యుద్ధకాలపు కెనడా షెవర్లే లారీల మీద చెక్క బాడీలు కట్టి సిటీ బస్సులు చేశారు. అరవై ఏళ్ళ తరవాత కూడా అవి జనాన్ని ఎక్కించుకుని తిరిగాయి. ఆ బస్సుల్ని అన్నేళ్ళు నడిపించిన వాళ్ళలో ఎవరి పేరూ ఏ పుస్తకంలోనూ మనం చదువుకోలేదు.

మన దేశం కథ ఇంకాస్త ఆసక్తికరం. 1959లో జబల్‌పూరు గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో, పశ్చిమ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో "శక్తిమాన్" లారీ తయారీ మొదలైంది. తరవాత అదే వూళ్ళో వెహికల్ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడే జపాను నిస్సాన్ లైసెన్సుతో వన్ టన్ లారీ, జోంగా జీపు తయారయ్యాయి. జోంగా అంటే జపాను మాట అనుకుంటారు చాలామంది. "జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ" అన్న మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. శక్తిమాన్ ఇంజను గురించి ఒక్క సంగతి చెప్పాలి. మామూలు డీజిలు ఇంజనులో నూనెను గాలిలోకి తుంపరగా కొడతారు. దీంట్లో పిస్టను నెత్తిన బంతి ఆకారంలో గుంట చేసి, ఎక్కువ నూనెను ఆ గుంట గోడ మీద పలచని పొరలా పడేట్టు చేశారు. గోడ వేడికి అది కొంచెం కొంచెంగా ఆవిరై మండుతుంది. అందువల్ల ఇంజను మోత తగ్గింది, ఇంధనం విషయంలో పట్టింపు కూడా తగ్గింది. బాష్పీభవనం గురించి మనం పరీక్షలో అయిదు మార్కులకు రాస్తున్నాం. సరిహద్దులో ఆ పాఠం మీదే రేషను లారీలు నడిచాయి.

ఈ బళ్ళు ఇంతకాలం ఎందుకు బతికాయి? ఇనుము మందం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. అసలు కారణం, విప్పటానికి వీలుగా కట్టడం. గుళ్ళ వర్షంలో, బురదలో, ఇరవై ఏళ్ళ కుర్ర సిపాయి చేతిలో వున్న నాలుగు స్పానర్లతో బాగుచేసుకోవాలి కాబట్టి ప్రతి బోల్టుకీ చెయ్యి పోయే సందు వదిలారు. అమెరికా సైన్యం 1951 నుంచి వాహనాల సంరక్షణ నేర్పటానికి ఏకంగా బొమ్మల పత్రికే నడిపింది. దానికి బొమ్మలు వేసినవాడు విల్ ఐస్నర్ అనే పేరున్న కామిక్స్ చిత్రకారుడు. గ్రీజు ఎప్పుడు పెట్టాలో నవ్విస్తూ చెప్పడం చిన్నతనం అని వాళ్ళు అనుకోలేదు. మన సైన్యంలో ఈ పని ఇ.ఎం.ఇ. కోర్‌ది. 1943 అక్టోబరు 15 దాని పుట్టినరోజు. దాని సైనిక కళాశాల మన సికింద్రాబాదులోనే వుంది. అక్కడ పని నేర్చి, పెన్షను పుచ్చుకుని, సొంత వూరికి వచ్చి షెడ్డు వేసుకున్నవాళ్ళు మన జిల్లాల్లో చాలామందే వున్నారు. వాళ్ళ షెడ్లను మనం చదువు చెప్పే చోటుగా ఎప్పుడూ చూడలేదు.

అలాంటి ఒక షెడ్డు నాకు తెలుసు కాబట్టే ఈ సాహసం చేస్తున్నాను. మాది గుంటూరు వైపు నల్లరేగడి. వాన పడితే ఆ నేలలో మామూలు లారీ చక్రం మూరెడు దిగుతుంది. మిరపకాయ టిక్కీలు కల్లం నుంచి తారు రోడ్డుదాకా తేవటానికి మా తాతయ్య ఒక నిస్సాన్ వన్ టన్నరును వేలంలో కొన్నవాళ్ళ దగ్గర కొన్నాడు. నాలుగు చక్రాలూ తిరిగే బండి కాబట్టి మా పొలాల్లో అది దున్నపోతులా నడిచేది. నాలుగు లీటర్లకు కాస్త తక్కువ సైజున్న ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. సైన్యానికి పెట్రోలు ఖర్చు లెక్కలేదు, మాకు వుంది. లీటరుకు అయిదు కిలోమీటర్లు వస్తే పండగ. దాంతో ఇంజను మార్చక తప్పలేదు. ఇ.ఎం.ఇ.లో హవల్దారుగా చేసి వచ్చిన మేస్త్రిగారు డీజిలు ఇంజను ఎక్కించాడు. తాతయ్య ఆర్.టి.ఓ. ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

ఇంజను మార్చడమంటే ఒకటి తీసి ఒకటి పెట్టడం అనుకుంటాం. సెలవుల్లో మేస్త్రిగారి దగ్గర కూర్చుని ఆయన్ని అడిగి తెలుసుకున్నాక నాకు అర్థమైంది, అది ఒక పెద్ద లెక్క. పెట్రోలు ఇంజను వేగంగా తిరుగుతుంది, పాత డీజిలు నింపాదిగా తిరుగుతుంది. పాత గేర్లకు కొత్త ఇంజను తగిలిస్తే బండి పరుగు తగ్గుతుంది. పరుగు కోసం క్రౌన్ పినియన్ పళ్ళ లెక్క మారిస్తే, మొదటి గేరులో బురదలోంచి లాగే సత్తువ పోతుంది. రెండూ కావాలంటే కుదరదు. డీజిలు ఒక్కో దెబ్బా గట్టిగా కొడుతుంది కాబట్టి క్లచ్చి ప్లేటు, గేరు పళ్ళు ఆ దెబ్బ ఓర్చుకోగలవా అన్నది చూడాలి. కొత్త ఇంజను బరువెక్కువైతే ముందు కమాను పట్టీలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది. "ఒక్క నట్టు మారిస్తే నాలుగు చోట్ల జవాబు చెప్పుకోవాలి అబ్బాయ్" అంటాడు మేస్త్రిగారు. వ్యవస్థలో భాగాల పరస్పర సంబంధం అని మన పుస్తకాలు చెప్పేది ఇదే.

కరెంటు సంగతి చూడండి. మిలిటరీ బళ్ళలో ఎక్కువగా 24 వోల్టులు వాడతారు. సెల్ఫ్ మోటారుకు 2400 వాట్లు కావాలనుకుందాం. 24 వోల్టుల మీద 100 ఆంపియర్లు చాలు, 12 వోల్టుల మీద 200 కావాలి. తీగ అదే అయితే దాంట్లో పుట్టే వేడి నాలుగింతలు. బజారులో 12 వోల్టుల సామాను చవగ్గా దొరుకుతుందని బండిని 12కు మార్చి పాత తీగలే వుంచేస్తే ఏమవుతుందో మన ఫస్టియరు పిల్లలు కూడా చెప్పగలరు. చెప్పగలరు గాని, తీగ కాలిన వాసన ఎలా వుంటుందో వాళ్ళకి తెలియదు. ఇంకొందరు రెండు బాటరీల మధ్యలోంచి 12 వోల్టుల లైను లాగి పాటల పెట్టె తగిలిస్తారు. ఒక బాటరీ మీదే భారం పడి, రెండిట్లో అది ముందు చస్తుంది. మేస్త్రిగారు మా బండిని 24 మీదే వుంచాడు.

నాలుగు చక్రాల నడక కూడా ఒక పాఠమే. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ పాత బళ్ళలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఆ తేడా సర్దే డిఫరెన్షియలు లేదు. బురదలో టైరు జారి తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద టైరు జారదు, ఆ మెలి షాఫ్టుల్లోనే వుండిపోతుంది. లీవరు ఎంత లాగినా బయటికి రాదు. కొందరు డ్రైవర్లు సుత్తి తీసుకుంటారు. తెలిసినవాడు బండిని నాలుగు గజాలు వెనక్కి నడిపించి మెలి విప్పి, లీవరును రెండు వేళ్ళతో తీసేస్తాడు.

ఇంతవరకూ చదివి, పాత బళ్ళను ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకోవచ్చని నేను వాదిస్తున్నాననుకోవద్దు. సరిగ్గా దానికి వ్యతిరేకం. బండిని పరిగెత్తించే మార్పు చేయించటానికి అందరూ ముందుకొస్తారు, ఆపే మార్పు మాత్రం ఎవరికీ గుర్తురాదు. గంటకు నలభై కిలోమీటర్లలో వెళ్ళే బండి అరవైకి పెరిగితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. గతిజశక్తి పెరిగింది రెండుంపావు రెట్లు. ఆ శక్తినంతా వేడిగా మార్చవలసింది పాత డ్రమ్ము బ్రేకులే. యుద్ధకాలపు జీపులకు నాలుగు చక్రాలకీ ఒకే బ్రేకు లైను. ఒక గొట్టం కారితే నాలుగు బ్రేకులూ పోయినట్టే. అలాంటి బండికి మొట్టమొదట చెయ్యవలసిన మార్పు రెండు లైన్ల మాస్టరు సిలిండరు. బ్రేకు ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడలు నేలకు. ద్రవం అయిపోయిందని ఇంజనాయిలు పోసేవాళ్ళున్నారు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

వీటన్నిటికన్నా భయంకరమైనది లాకు రింగు చక్రం. అంచు విడిగా వచ్చి, ఒక ఇనప రింగుతో బిగిసే చక్రం అది. టైరులో చదరపు అంగుళానికి 60 పౌనుల గాలి వుందనుకోండి. ఆ అంచు మీద మూడు వందల చదరపు అంగుళాల భారం పడితే 18 వేల పౌనులు, అంటే సుమారు ఎనిమిది టన్నులు. రింగు తుప్పు పట్టి సరిగా కూర్చోకపోతే అది ఫిరంగి గుండే. మా పక్క వూళ్ళో గాలి తియ్యకుండా రింగు మీద సుత్తితో కొట్టిన పదహారేళ్ళ కుర్రాడికి కుడి చెయ్యి పోయింది. వాడికి ఎవరూ చెప్పలేదు. ముందు గాలి పూర్తిగా తియ్యాలని, గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనప బోనులో పెట్టాలని, ఎదురుగా నిలబడకూడదని చెప్పటానికి అయిదు నిమిషాలు పడుతుంది. పీడనం నిర్వచనం బట్టీపట్టిన మనం వేలమందిమి ఈ రాష్ట్రంలో వున్నాం. మనలో ఒక్కడూ ఆ షెడ్డు గడప తొక్కి ఆ అయిదు నిమిషాల మాట చెప్పలేదు. నా బాధంతా ఇదే.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయాన్ని మరింత గట్టిగా చెప్పింది. రోడ్డు మీద నడిచే మిగతావాళ్ళ ప్రాణాల కోసం ఆ నియమం వుండవలసిందే. 2021లో పాతకాలపు వాహనాలకు ప్రత్యేకంగా రిజిస్ట్రేషను నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలో వుంటే "వి.ఎ." అక్షరాలతో నంబరిస్తారు. కొత్తగా నమోదుకు రుసుము 20 వేలు. అయితే రోజువారీ పనికి గాని, వ్యాపారానికి గాని వాడకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు చెయ్యాలన్న నియమం అమల్లోకి వచ్చింది. దేశరక్షణలో వాడే కవచ వాహనాలకు, ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ధనవంతుడి గారేజీలో తళతళలాడుతూ ఆదివారం మాత్రం బయటికొచ్చే జీపు వారసత్వ సంపద. రైతు దగ్గర ముప్పై ఏళ్ళు టిక్కీలు మోసి, ఇంజను మార్చుకుని, బతికి బట్టకట్టిన లారీ తుక్కు. వాడకుండా దాచినదానికి గౌరవం, వాడుతూ కాపాడినదానికి అనుమానం. ఈ లెక్క నాకు మింగుడు పడటం లేదు. రంగూన్ బస్సూ, మనీలా జీప్నీ ఈ కొలత ప్రకారం చరిత్రలోకే రావు, ఎందుకంటే అవి అసలు రూపంలో లేవు. మార్పే వాటి చరిత్ర.

పాత డీజిలు పొగ మాటేమిటని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ పొగ మంచిదని నేనెక్కడా అనను. నగరంలో రోజంతా తిరిగే పాత లారీని ఆపవలసిందే. కాని ఏడాదికి నెలన్నర పాటు కల్లం నుంచి రోడ్డుదాకా తిరిగే బండినీ దాన్నీ ఒకే కాటాలో పెట్టవద్దంటున్నాను. పుట్టిన తేదీ చూసి బతుకు చావులు తేల్చడం సులభం. బ్రేకు చూసి, పొగ కొలిచి, ఛాసిస్ తట్టి చూసి తేల్చడం కష్టం. సైన్సు చదివినవాళ్ళం రెండోదాని పక్షాన నిలబడాలి. చేసిన ప్రతి మార్పునూ ఒక ఇంజనీరు పరీక్షించి, బాగుంటే ముద్ర వేసి, బాగోకపోతే ఎందుకో రాసిచ్చే పద్ధతి జిల్లాకు ఒకచోట వుంటే, దొంగచాటు మార్పులు వాటంతటవే తగ్గుతాయి.

మా ఇంట్లో ఈ సమస్య పుస్తకాల్లోది కాదు. ఏటా ఫిట్‌నెస్ పరీక్ష వస్తుంది, ఏటా ఖర్చు పెరుగుతుంది. తుక్కు వ్యాపారి ఇప్పటికి రెండుసార్లు వచ్చి కిలోల లెక్కన బేరం పెట్టి వెళ్ళాడు. అమ్మెయ్యరా, మినీ లారీ కిరాయికి తెచ్చుకోవచ్చు అని నాన్న అంటాడు. కిరాయి బండి తారు రోడ్డు దిగదు నాన్నా అంటాన్నేను. ఆయన మాటలోనూ నిజం వుంది, బండి తిన్నంత డబ్బు మాకు మిగలటం లేదు. నిజానికి నా దిగులు బండి గురించి కూడా కాదు. మేస్త్రిగారికి డెబ్భై దాటింది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. ఏ గేరుబాక్సుకు ఏ షాఫ్టు నప్పుతుందో, ఏ శబ్దానికి ఏ బేరింగు కారణమో ఆయన ఒక్కడి బుర్రలో వుంది, ఎక్కడా రాసి లేదు. లారీ తుక్కుకు పోతే ఇనుమైనా మిగులుతుంది. ఆయన విద్య పోతే ఏం మిగులుతుంది?

అందుకని మన కాలేజీకి, ముఖ్యంగా మన విద్యార్థి సంఘానికి మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. ఒకటి, వేలంలో దొరికే పాత మిలిటరీ ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్కొక్కటి కొని ఫిజిక్సు లేబరేటరీ పక్కన షెడ్డులో పెట్టాలి. విప్పడం, కొలవడం, మళ్ళీ బిగించడం మనమే చెయ్యాలి. రెండు, విజయవాడ ఆటోనగరులోనూ, మన చుట్టుపక్కల వూళ్ళలోనూ వున్న పెద్ద మేస్త్రీలను నెలకొకరిని పిలిచి మాట్లాడించాలి. వాళ్ళు కుర్చీలో, మనం నేల మీద కూర్చుంటే తప్పు లేదు. వాళ్ళు చెప్పింది మనం రాసి, చిన్న చిన్న పుస్తకాలుగా తెలుగులో అచ్చు వెయ్యాలి. మూడు, సెలవుల్లో జట్లుగా షెడ్లకు వెళ్ళి లాకు రింగు, బ్రేకు ద్రవం, పాత బ్రేకు లైనింగుల దుమ్ము, వీటి ప్రమాదాల గురించి క్లీనరు కుర్రాళ్ళకు చెప్పాలి. వాళ్ళు మనకు పని చెబుతారు, మనం వాళ్ళకి కారణం చెబుదాం. ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరి గౌరవమూ తగ్గదు.

దీనికి కావలసిన డబ్బు మన వార్షికోత్సవంలో ఒక్క రాత్రి దీపాలకూ మైకులకూ అయ్యే ఖర్చును మించదని నా అంచనా. ఎన్నికైన కార్యవర్గం తలుచుకుంటే వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. పూర్వ విద్యార్థుల్లో సొంత లారీలున్నవాళ్ళు, వర్క్‌షాపులున్నవాళ్ళు ఈ సావనీరు చదువుతారు. వాళ్ళల్లో ఒక్కరు పాత గేరుబాక్సు పంపినా చాలు, ఆ షెడ్డుకు మొదటి తాళంచెవి మా మేస్త్రిగారి చేత తీయిస్తాం. ఆయన ఒప్పుకున్నాడు. తొందరగా పిలవమన్నాడు.